రాయి వదిలిన గాలిని పట్టేదెవరు?

సున్నం బట్టీలో కాలిన రాయి చూపుకు పెద్దగా మారదు. వేసినప్పుడు ఎంత ఉందో తీసినప్పుడూ ఇంచుమించు అంతే ఉంటుంది. రంగు తేలుతుంది, అంతే. తేడా చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. సరిగ్గా కాలిన రాయి ఆ సైజుకు ఉండాల్సిన బరువు ఉండదు. బరువుగా తగిలిందంటే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

పల్నాడులోని దాచేపల్లి, నడికుడి, పిడుగురాళ్ళ ప్రాంతంలో ఈ పని తరాలుగా సాగుతోంది. బట్టీలో పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు వేస్తారు, కాలినదాన్ని కింద నుంచి లాగుతారు. మలినాలు లేని సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలితే మిగిలే పొడి సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్, మన పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్నది. మామూలు పీడనంలో అది సుమారు 22 ఘనపు మీటర్లు, ఒక చిన్న గది నిండుతుంది. బొగ్గు మండినందుకు వచ్చే పొగ దీనికి అదనం.

ఈ అదనాన్ని విడిగా చూడాలి. బొగ్గు మానేసి, బట్టీని సౌర విద్యుత్తుతోనే వేడి చేశామనుకోండి. బొగ్గు పొగ పోతుంది. 44 కిలోలు మాత్రం ఒక్క గ్రాము తగ్గవు. ఆ వాయువు ఇంధనంలోది కాదు, రాయిలోది. సిమెంటుదీ ఇదే కథ. మాచర్లలో, దాచేపల్లి మండలంలోని తంగెడలో, పెదగార్లపాడులో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఈ రాయి కోసమే. ప్రపంచం మొత్తం మీద మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం. అందులో సగానికి పైగా రాయి నుంచే వస్తుంది. కరెంటు ఉత్పత్తికి బొగ్గు బదులు ఎండ ఉంది, గాలి ఉంది. సున్నానికి సున్నపురాయి తప్ప వేరే దారి లేదు. అందుకే వాయువును గొట్టం దగ్గరే పట్టుకోవాలన్న మాట మిగతా ఊళ్ళకంటే పల్నాడు లాంటి సున్నపురాయి సీమకు ఎక్కువ వర్తిస్తుంది.

పట్టుకోవడానికి మన చేతిలో పాత పదార్థమే ఒకటి ఉంది కదా అని ఎవరికైనా తోస్తుంది. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే గట్టిపడుతుంది, మళ్ళీ సున్నపురాయి అవుతుంది. బళ్ళో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే తెల్లబడేది ఇందుకే. మరి ఫ్యాక్టరీ పొగను సున్నపు నీళ్ళలోకి పంపితే సరిపోదా? పట్టుకుంటుంది, బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. కానీ ఆ సున్నం తయారు కావడానికి అంతే వాయువును ముందే వదిలాం. దాన్ని విడిపించి మళ్ళీ వాడుకోవాలంటే తిరిగి 900 డిగ్రీల దాకా కాల్చాలి. అలా కాల్చి పట్టి, పట్టి కాల్చే పద్ధతి మీద కూడా పరిశోధనలు జరుగుతున్నాయి, అది వేరే అధ్యాయం.

ఇక్కడున్న చిక్కును ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. గట్టిగా పట్టేది వదలదు, సులువుగా వదిలేది తొందరగా పట్టదు. కార్బన్ డయాక్సైడ్ పరిశ్రమ తొంభై ఏళ్ళుగా ఈ బేరంలోనే ఇరుక్కుని ఉంది. పొగలోంచి ఈ వాయువును అమీన్లనే ద్రావణాలతో కడిగే పద్ధతికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1930లో. ఇప్పటికీ ప్రధానంగా వాడేది అదే కుటుంబం. మోనోఇథనోలమీన్ లాంటి చురుకైన అమీన్ వాయువుతో నేరుగా బంధం కట్టుకుంటుంది. త్వరగా పడుతుంది, కానీ విడిపించడానికి ఆ ద్రావణాన్నంతా మరిగించాలి. టన్ను వాయువుకు మూడున్నర, నాలుగు గిగాజౌళ్ళ వేడి ఖర్చవుతుంది. యూనిట్లలోకి మారిస్తే వెయ్యికి అటూ ఇటూ. పొటాషియం కార్బొనేట్ ద్రావణం, తృతీయ అమీన్లు అయితే తక్కువ వేడికే వదిలేస్తాయి. వాటి జబ్బు నెమ్మది. పొగ గొట్టం దాటి పోయేలోగా అవి పట్టేది కొంతే.

ఆ నెమ్మదినెవరైనా పోగొడితే బేరం మారిపోతుంది. పోగొట్టే పదార్థం మన రక్తంలోనే ఉంది.

నెమ్మది ఎందుకు?

కార్బన్ డయాక్సైడ్ అణువు నిటారు గీత. మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్. రెండు ఆక్సిజన్లూ ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కుంటాయి కనుక కార్బన్ కాస్త ధనావేశంతో ఉంటుంది. లాగుడు రెండు వైపులా సమానం కావడంతో అణువు మొత్తానికి మొగ్గు ఉండదు. నీటిలో కరుగుతుంది గానీ నీటితో కలవడానికి తొందరపడదు. గది ఉష్ణోగ్రత దగ్గర నీటిలో ఉన్న ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువు కార్బానిక్ ఆమ్లంగా మారడానికి సగటున పాతిక సెకన్లకు పైగా పడుతుంది.

పాతిక సెకన్లంటే మనకు తక్కువే. రక్తానికి కాదు. ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళంలో ఎర్రరక్తకణం ఉండేది సెకనులో ముప్పాతిక వంతు. ఒంట్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 70 శాతం కార్బానిక్ ఆమ్లం నుంచి వచ్చే బైకార్బొనేట్ రూపంలోనే రక్తంలో ప్రయాణిస్తుంది. కండరం దగ్గర బైకార్బొనేట్ కావాలి, ఊపిరితిత్తుల దగ్గర తిరిగి వాయువు కావాలి. నీటినే నమ్ముకుంటే రెండూ జరగవు. రక్తంలో ఏదో ఒక ఉత్ప్రేరకం ఉండి తీరాలని ఈ కాలపు లెక్కే చెప్పింది. 1933లో కేంబ్రిడ్జిలో మెల్డ్రమ్, రఫ్టన్ దాన్ని ఎర్రరక్తకణాల నుంచి బయటికి తీశారు. దాదాపు అదే సమయంలో అమెరికాలో స్టేడీ, ఓబ్రయన్ కూడా. పేరు కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్. 1940 నాటికి కేంబ్రిడ్జిలోనే కైలిన్, మాన్ ఇందులో జింకు ఉందని తేల్చారు. జింకు ఉన్నట్టు తెలిసిన మొదటి ఎంజైమ్ ఇదే.

మన ఎర్రరక్తకణంలోని రెండో రకం కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అణువు ఒక్కటి సెకనుకు సుమారు 10 లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువుల్ని మారుస్తుంది. ఎంజైమ్‌లలో ఇంత వేగం ఉన్నవి బహు తక్కువ.

ఎలా? ఎంజైమ్ ఉపరితలం నుంచి లోపలికి గరాటులా దిగే గుంట ఒకటి ఉంటుంది. దాని అడుగున జింకు. మూడు హిస్టిడిన్లు, ప్రొటీన్ గొలుసులో 94, 96, 119 స్థానాల్లో ఉన్నవి, మూడు నైట్రోజన్లతో జింకును పట్టి ఉంచుతాయి. నాలుగో చోట ఒక నీటి అణువు. అసలు విద్యంతా ఈ నీటి అణువు దగ్గరే. మామూలు నీరు తన ప్రోటాన్‌ను సులభంగా వదలదు. తటస్థ నీటిలో హైడ్రాక్సైడ్ అయాన్లు కోటి లీటర్లకు ఒక మోల్ చొప్పునే ఉంటాయి. ధనావేశమున్న జింకు పక్కన చేరిన నీటి అణువు మాత్రం పీహెచ్ 7 దగ్గరే ప్రోటాన్‌ను వదిలేస్తుంది. అంటే ఆ గుంట అడుగున, ఒళ్ళు కాలే క్షారం ఎక్కడా లేకుండానే, ఎప్పుడూ ఒక హైడ్రాక్సైడ్ సిద్ధంగా ఉంటుంది. గుంట గోడల్లో ఒకవైపు నీటికి గిట్టని అమైనో ఆమ్లాలు. మొగ్గు లేని కార్బన్ డయాక్సైడ్ అక్కడ వచ్చి సర్దుకుంటుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో ఎంజైమ్ స్ఫటికాలను 15 వాతావరణాల పీడనంలో ఈ వాయువుతో నింపి, గడ్డకట్టించి, అది సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో ఎక్స్‌రేలతో చూశారు. హైడ్రాక్సైడ్ వెళ్ళి కార్బన్ మీద పడుతుంది, బైకార్బొనేట్ తయారవుతుంది, దాన్ని కొత్త నీటి అణువు పక్కకు నెడుతుంది.

పని అయిపోలేదు. కొత్తగా వచ్చిన నీరు హైడ్రాక్సైడ్ కావాలంటే ప్రోటాన్ బయటికి పోవాలి. సెకనుకు పది లక్షల సార్లు పోవాలి. ఈ ఎంజైమ్ వేగానికి హద్దు పెట్టేది వాయువు కలయిక కాదు, ఈ ప్రోటాన్ తరలింపే. గుంటలో వరసగా నిలబడిన నీటి అణువులు బావి దగ్గర బిందెలు అందించుకున్నట్టు ప్రోటాన్‌ను ఒకదాని నుంచి ఒకటి అందుకుని, గుంట అంచున ఉన్న 64వ స్థానపు హిస్టిడిన్‌కు చేరుస్తాయి. అది బయటి ద్రవంలోకి తోసేస్తుంది. ఈ హిస్టిడిన్‌ను తీసేసి వేరే అమైనో ఆమ్లం పెడితే ఎంజైమ్ బతికే ఉంటుంది, వేగం మాత్రం పడిపోతుంది. కృత్రిమంగా చేయాలనుకునేవాళ్ళందరికీ తలనొప్పి తెచ్చిపెట్టిన సంగతి ఇది.

ఇదే ఎంజైమ్ కోడిలో చేసే పని చెప్పకుండా ముందుకు పోలేను. గుడ్డు పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే దాచేపల్లి రాయే. కోడి దాన్ని సుమారు ఇరవై గంటల్లో, ఒంటి వేడిలోనే పోస్తుంది. అందుకు కావలసిన కార్బొనేట్‌ను పెంకు గ్రంథిలోని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అందిస్తుంది. ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే సల్ఫా మందు తినిపిస్తే కోళ్ళు మెత్తటి పెంకు గుడ్లు పెట్టాయని 1940లలోనే చూశారు. కళ్ళలో ఒత్తిడి పెరిగినవారికి డాక్టర్లు రాసే డార్జోలమైడ్ చుక్కలు అడ్డుకునేది కూడా ఈ ఎంజైమ్ కుటుంబాన్నే.

జింకు ఉంటే చాలా?

ఎంజైమ్‌నే తెచ్చి గొట్టంలో పెట్టేస్తే? సిమెంటు ఫ్యాక్టరీ పొగ వేడిగా ఉంటుంది, దుమ్ము ఉంటుంది, గంధకపు ఆమ్లవాయువులుంటాయి. పట్టిన వాయువును విడిపించే గదిలో ద్రావణం ఇంచుమించు మరుగుతుంది. ప్రొటీన్‌కు అది కోడిగుడ్డును ఉడకబెట్టడంతో సమానం. గొలుసు విప్పుకుంటుంది, గుంట చెదిరిపోతుంది, జింకు జారిపోతుంది. రెండు వందల అరవై అమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో పనిచేసేది ఆ గుంట ఒక్కటే కదా, దాన్ని మాత్రం చిన్న, మొండి అణువుతో కట్టలేమా? కొలంబియా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బ్రెస్లో 1970లలో జీవుల్ని చూసి రసాయనాలు కట్టే ఈ దారికి ఊపునిచ్చాడు. 'కృత్రిమ ఎంజైమ్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో అతను ముఖ్యుడు.

జింకు మీద మొదటి చక్కటి ఫలితం జపాన్‌లో వచ్చింది. హిరోషిమాలో ఎయిచి కిమురా బృందం 1990లో పన్నెండు పరమాణువుల వలయం ఒకటి చేసింది. అందులో మూడు నైట్రోజన్లు, నడుమ జింకు. దాని మీది నీరు పీహెచ్ 7.3 దగ్గరే ప్రోటాన్‌ను వదిలింది. అసలు ఎంజైమ్‌కు ఆమడ దూరం కూడా లేదు. నాలుగు నైట్రోజన్ల వలయం, సైక్లెన్, 8కి దగ్గరగా వదిలింది. ప్రొటీన్ లేకుండా, వేళ్ళ మీద లెక్కపెట్టగల పరమాణువులతో, మరిగే నీటిలో కూడా చెక్కుచెదరకుండా.

ప్రోటాన్‌ను వదలడం వరకు సరే. వేగం? సైక్లెన్ జింకు కార్బన్ డయాక్సైడ్‌తో కలిసే వేగాంకం వేలల్లో ఉంది. అదే కొలమానంలో ఎంజైమ్‌ది పది కోట్లు దాటుతుంది. తేడా ఎక్కడిదో పదేళ్ళకు పైగా వెతికారు. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్ళు ఇలాంటి జింకు వలయాలను కొన్నింటిని వరసగా పెట్టి, కంప్యూటర్ లెక్కలతోనూ ప్రయోగాలతోనూ పోల్చి 2012లో ప్రచురించారు. తేలిందేమిటంటే తప్పు జింకుది కాదు, చుట్టూ ఏమీ లేకపోవడానిది.

ఎంజైమ్‌లో బైకార్బొనేట్ తయారవగానే తప్పుకుంటుంది. చిన్న వలయంలో జింకు నగ్నంగా ఉంటుంది. బైకార్బొనేట్ దాన్ని పట్టుకుని వేలాడుతుంది, వీలైతే రెండు ఆక్సిజన్లతోనూ. సరుకు చేసిన యంత్రానికే సరుకు అడ్డం. పైగా ఏ అడ్డూ లేని రెండు జింకు అణువులు ఎదురుపడితే ఒకే హైడ్రాక్సైడ్‌ను పంచుకుని జతకట్టేస్తాయి, ఇక రెండూ పనికిరావు. ప్రొటీన్ గరాటు గుంట ఈ రెండు ప్రమాదాలనూ ముందే ఊహించినట్టు జింకును ఒంటరిగా, లోతుగా దాచింది. కొలంబియాలో జెరార్డ్ పార్కిన్ 1990లలో జింకు చుట్టూ భారీ గుంపులున్న పైరజోలైల్ బోరేట్ కంచె కట్టి జతకట్టడాన్ని ఆపగలిగాడు. జింకు హైడ్రాక్సైడ్ వాయువును పట్టడమూ వదలడమూ స్పష్టంగా చూడగలిగాడు. అయితే ఆ అణువు కరిగేది సేంద్రియ ద్రావకాల్లో, నీటిలో కాదు. రసాయన శాస్త్రంగా అందమైన పని, ఫ్యాక్టరీకి అక్కరకు రాదు.

అక్కడి నుంచి దారులు మూడు చీలాయి. మిషిగన్‌లో విన్సెంట్ పెకోరారో బృందం ప్రకృతిలో లేని చిన్న ప్రొటీన్‌ను, మూడు సర్పిలాలు పెనవేసినదాన్ని, కాగితం మీద గీసి తయారుచేసి అందులో జింకు పెట్టింది. 2012లో వాళ్ళు కొలిచిన వేగం అసలు ఎంజైమ్ సామర్థ్యంలో అయిదు వందలో వంతుకు చేరింది. మొత్తం కొత్తగా గీసిన నిర్మాణానికి అది చిన్న విజయం కాదు. రెండో దారి ఒహాయో స్టేట్‌లో కేసీ వేడ్ బృందానిది: జింకును ఘన స్ఫటికపు రంధ్రాల గోడల్లో నాటడం. స్ఫటికం గోడే కంచె కనుక జింకులు జతకట్టే బెడద లేదు. 2018లో వాళ్ళు చూపిన ఆ పదార్థం గాలిలో ఉన్నంత తక్కువ మోతాదు వాయువును కూడా పట్టింది.

మూడో దారివాళ్ళు అనుకరణను పక్కన పెట్టి ఎంజైమ్‌నే మొండిగా మార్చారు. కోడెక్సిస్ సంస్థ డీసల్ఫోవిబ్రియో అనే సూక్ష్మజీవి ఎంజైమ్‌ను తీసుకుని, వేల రకాల మార్పులు చేసి, తట్టుకున్నవాటిని ఏరి, మళ్ళీ మార్చి, మళ్ళీ ఏరింది. ఈ ఏరివేత పద్ధతికే ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో నోబెల్ వచ్చింది. 2014లో ప్రచురించిన ఫలితంలో కొన్ని రకాలు గాఢమైన అమీన్ ద్రావణంలో, పీహెచ్ 10 పైన, 107 డిగ్రీల దాకా నిలబడ్డాయి. నెమ్మదిగా పట్టే ద్రావణంతో నడిపిన పైలట్ ప్లాంటులో ఆ ఎంజైమ్ వేగాన్ని 25 రెట్లు పెంచింది. ఇప్పటికి బేరాన్ని నిజంగా మార్చి చూపింది ఈ దారే. చిన్న అణువుల మీద నాకెంత మోజున్నా ఈ మాట చెప్పక తప్పదు.

మన దేశంలో ఈ పని కొత్తదేమీ కాదు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థలో సాధనా రాయలు బృందం కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్‌ను ఘనపదార్థాల మీద నిలిపి, దానితో వాయువును కాల్షియం కార్బొనేట్‌గా మార్చే ప్రయోగాలను 2010లోనే ప్రచురించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణంలో టి. సత్యనారాయణ బృందం వేడినీ క్షారాన్నీ తట్టుకునే బాక్టీరియాల నుంచి ఇదే ఎంజైమ్‌ను తీసి పరీక్షించింది.

పట్టడం వేరు, మార్చడం వేరు

ఇంతవరకు చెప్పిందంతా పట్టడం గురించి. అక్కడ సమస్య కాలం. బైకార్బొనేట్ కావడం ఎలాగూ జరిగేదే, ఎంజైమ్ ఆలస్యాన్ని తీసేస్తుంది, అంతే. ఉత్ప్రేరకం శక్తినివ్వదు, సమతాస్థితిని జరపదు. ముందుకెంత తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. ఊపిరితిత్తుల్లో మనకు అక్కరకొచ్చేది ఆ వెనక్కి తోయడమే.

పట్టిన వాయువును ఇంధనంగానో, రసాయనంగానో మార్చాలంటే సమస్య శక్తి. కార్బన్ డయాక్సైడ్ కాలిపోయిన కార్బన్. దాన్ని తిరిగి మండేదిగా చేయాలంటే ఎలక్ట్రాన్లు ఎక్కించాలి. మొదటి ఎలక్ట్రాన్ ఎక్కగానే ఆ నిటారు అణువు 134 డిగ్రీల దగ్గరకు వంగిపోతుంది. వంగడం దానికి ఇష్టం లేదు. అందుకే ఒక్క ఎలక్ట్రాన్‌ను ఒంటరిగా ఎక్కించాలంటే మైనస్ 1.9 వోల్టుల దాకా నెట్టాలి. రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు కలిపి ఒకేసారి ఇచ్చి కార్బన్ మోనాక్సైడ్ చేయాలంటే తటస్థ నీటిలో మైనస్ 0.53 చాలు. ఆ నడిమి దూరమే ఈ రంగం మొత్తం పోరాటం.

కొన్ని బాక్టీరియాలు ఆ పోరాటం ఏనాడో గెలిచాయి. కార్బన్ మోనాక్సైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్‌లో నికెల్, ఇనుము, గంధకం కలిసిన గుత్తి ఉంటుంది. జర్మనీలోని బైరూత్‌లో హోల్గర్ డోబెక్ 2007లో దాని లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చూపించాడు. కార్బన్‌ను నికెల్ పట్టుకుంది, ఒక ఆక్సిజన్‌ను పక్కనున్న ఇనుము పట్టుకుంది. ఎదురుబొదురుగా ఇద్దరు పట్టుకుంటే అణువు వంగక ఏం చేస్తుంది? చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు హైడ్రోజన్ బంధాలతో ఆ వంగినదాన్ని ఊరడిస్తాయి. ఒంటరి ఎలక్ట్రాన్ ప్రసక్తే రాదు.

మనుషులు చేసిన అణువుల్లో నికెల్ సైక్లామ్‌ది పేరున్న కథ. స్ట్రాస్‌బర్గ్‌లో జాన్ పియేర్ సోవాజ్ బృందం 1984లో ఇది నీటిలో కార్బన్ డయాక్సైడ్‌ను ఎంచి మరీ మోనాక్సైడ్‌గా మారుస్తుందని చూపింది. సోవాజ్‌కు 2016లో నోబెల్ వచ్చింది, అయితే అది అణుయంత్రాలకు. తర్వాత ఇనుప పోర్ఫిరిన్ల వంతు. పోర్ఫిరిన్ అంటే మన రక్తపు హీమ్‌లో ఉండే వలయమే. 2012లో పారిస్‌లో సావియాన్, రోబేర్, కోస్తాంతాన్ ఆ వలయం అంచుల్లో ఫినాల్ గుంపులు తగిలించారు. ఇనుము దగ్గరకు వంగిన వాయువుకు ప్రోటాన్ అందించేవి అవే. వేగం అమాంతం పెరిగింది. కొన్నేళ్ళకు అదే చోట ధనావేశపు గుంపులు పెట్టి, వంగిన అణువు మీది రుణావేశాన్ని సర్దితే ఇంకా పెరిగింది. కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో అభిషేక్ దే బృందం ఇనుప పోర్ఫిరిన్ మీద ఈ చర్య మధ్యలో పుట్టి పోయే రూపాలను చల్లటి ఉష్ణోగ్రతల్లో పట్టి 2015లో వివరించింది. జింకు దగ్గర నేర్చిన పాఠమే ఇక్కడా: లోహం ఒక్కటే చేసేది సగమే, పక్కన నిలబడ్డ గుంపులు తక్కిన సగం.

ప్రకృతి చేసిందల్లా శ్రేష్ఠమనుకోవద్దు. చెట్లలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర చేసే రుబిస్కో సెకనుకు కొన్ని అణువులకు మించి చేయలేదు. పైగా వాయువు బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. దాన్ని అనుకరించాలని ఎవరూ కలగనరు.

ఆక్సిజన్ గొడవ కృత్రిమ అణువులకూ ఉంది. పొగలో మిగిలిన ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సులభంగా ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఎలక్ట్రాన్లు సిద్ధం చేసుకున్న ఇనుమో, నికెలో ముందు దానికే ఇచ్చేస్తుంది. ప్రయోగశాలలో స్వచ్ఛమైన వాయువుతో వచ్చిన ఫలితం ఫ్యాక్టరీ గొట్టం దగ్గర కుదేలయ్యేది తరచూ ఇందుకే.

అన్నిటికంటే పెద్ద లెక్క కరెంటుది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్ చేయడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, 1,600 యూనిట్లు దాటి శక్తి కావాలి. ఇది ఉష్ణగతిశాస్త్రం వేసిన పన్ను, ఎంత గొప్ప ఉత్ప్రేరకమూ ఇందులో రాయితీ ఇప్పించలేదు. మన బొగ్గు కేంద్రాలు యూనిట్‌కు కిలోకు అటూ ఇటూగా అదే వాయువును వదులుతాయి. బొగ్గు కరెంటుతో ఒక టన్నును మార్చబోతే టన్నున్నర కొత్తగా పుడుతుంది. మిగులు సౌర విద్యుత్తు ఉన్నచోట తప్ప ఈ ముచ్చట తీరదు.

గొట్టం దగ్గరికి వస్తే

నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో ఏడాదికి 4 లక్షల టన్నుల వాయువును పట్టే ప్లాంటు 2025లో మొదలైంది. వాడేది అమీన్ ద్రావణమే. కెనడాలోని రిచ్‌మండ్‌లో లఫార్జ్ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర కాల్ఫ్-20 అనే జింకు స్ఫటికాన్ని రోజుకు టన్ను స్థాయిలో పరీక్షించారు. ఇది ఎంజైమ్ అనుకరణ కాదు, వాయువును రంధ్రాల్లో వదులుగా పట్టి ఉంచేది. అయినా దుమ్మూ తేమా ఉన్న నిజమైన సిమెంటు పొగలో జింకు పదార్థం నిలబడగలదని తెలిసింది.

మన దగ్గర కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఈ రంగానికి 2022లో రెండు జాతీయ కేంద్రాలు ఇచ్చింది, ఒకటి ఐఐటీ బొంబాయికి, ఒకటి బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రానికి. 2025లో సిమెంటు రంగానికే అయిదు పరీక్షా కేంద్రాలు ప్రకటించింది. వాటిలో ఐఐటీ బొంబాయి, దాల్మియా సిమెంటు కలిసి చేసేది ఉత్ప్రేరకంతో పట్టే పద్ధతి. మరొకదానిలో తిరుపతి ఐఐటీ భాగస్వామి. వింధ్యాచల్‌లో ఎన్‌టీపీసీ పొగలోంచి రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు కట్టింది.

దాచేపల్లికి ఇందులో ఏముంది? విడివిడిగా ఉన్న చిన్న బట్టీలకు ఒక్కోదానికి పొగ కడిగే ప్లాంటు పెట్టమనడం అన్యాయం, ఆచరణకు రాదు కూడా. పొగలో బొగ్గు బూడిద ఎక్కువ, పరిమాణం తక్కువ. మొదటి బాధ్యత పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలది. అక్కడ గొట్టం ఒకటే, పొగలో కార్బన్ డయాక్సైడ్ అయిదో వంతు దాకా ఉంటుంది, బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలో కంటే ఎక్కువ. చిక్కగా ఉన్నచోట పట్టడం చవక. విడిపించడానికి కావలసిన వేడిలో కొంత ఫ్యాక్టరీ వృథాగా వదిలేదే. తక్కువ వేడికి వదిలే ద్రావణం, దాని నెమ్మదిని పోగొట్టే మొండి ఎంజైమ్ లేదా జింకు అణువు, ఈ జంటకు పల్నాడు కంటే అనువైన చోట్లు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు. వాయువును ఇంధనంగా మార్చే ముచ్చట ఆ తర్వాతిది.

కార్బన్ డయాక్సైడ్‌ను మార్చేసే అద్భుత అణువు దొరికిందని పత్రికల్లో వార్తలు తరచూ వస్తుంటాయి. అలాంటిది కనబడినప్పుడు పాఠకులు మూడు సంగతులు వెతకాలి. ఒక్కో ఉత్ప్రేరక అణువు చెడిపోయేలోగా ఎన్ని వాయు అణువుల్ని మార్చింది? పరీక్షించింది సీసా వాయువుతోనా, నిజమైన పొగతోనా? ఎలక్ట్రాన్లు ఏ కరెంటు నుంచి వచ్చాయి? మూడోదానికి జవాబు లేని వార్తను నిస్సంకోచంగా పక్కన పెట్టేయండి.